లక్ష్మక్క చేతి కుష్కా

మా అనంతకుమార్‌కు వంట వచ్చునన్న సంగతి హోసూరు మూకండపల్లి మైదానంలో అందరికీ తెలుసు, ఇంట్లో వాళ్ళావిడ ప్రతిభకు తప్ప.

లోకంలో మొగుళ్ళు పెళ్ళాలకు తెలియకుండా బీడీలు కాలుస్తారు, పేకాడతారు. మావాడు పెళ్ళానికి తెలియకుండా కుష్కా వండేవాడు. కుష్కా అంటే ముక్కల్లేని బిర్యానీ. ముక్క లేదన్న దిగులు తినేవాడికి కలగకుండా దాన్ని వండాలంటే చేతికి ఒక వరం ఉండాలి. మావాడి చేతికి ఆ వరం ఉంది. గురుబరపల్లి నుంచి హోసూరుకు వచ్చి ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరిన కొత్తలో, ఒక గదినిండా ఉన్న బ్రహ్మచారులకు వాడే వండిపెట్టేవాడు. ఆ వంటకు అలవాటుపడి ఇద్దరు పెళ్ళిళ్ళు వాయిదా వేసుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

వాడికి పెళ్ళి కుదిరిన రోజు ఆ గదిలో పెద్దవాడొకడు చెవిలో ఒక మాట వేశాడు.

"ఒరే అనంతా, బావిలో బిందె పడితే ఈత వచ్చినోడినే దిగమంటారు. నీకు ఈత రాదని చెప్పుకో."

అనంతకుమార్ ఆ మాటను వేదవాక్కులా పట్టుకున్నాడు. కాపురం పెట్టిన మొదటి వారంలో ప్రతిభ కాఫీ పెట్టమంటే, గ్యాసు పొయ్యి ముందు గొంతుక్కూర్చుని కట్టెల పొయ్యిని ఊదినట్టు నోటితో ఊదాడు. తరువాత కాఫీలో ఉప్పు వేశాడు. ప్రతిభ ఆ కాఫీ ఒక గుక్క తాగి, మొగుడి వైపు జాలిగా చూసి, చెయ్యి పట్టుకుని వంటింట్లోంచి బయటికి తీసుకువచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. పెళ్ళై పదకొండేళ్ళయినా వాడు ఆ కుర్చీలోంచి లేవలేదు.

ప్రతిభ ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళతో, "మా ఆయనకు పాపం నీళ్ళు కాచేది కూడా తెలీదు" అని చెప్పుకునేది. ఆ చెప్పుకోవడంలో కొంచెం గర్వం కూడా ఉండేది. అమాయకుడైన మొగుడు దొరకడం కూడా ఒక ఆస్తే కదా.

ఇక ఫుట్‌బాల్ సంగతి. మాకొక టీము ఉంది. పేరు మూకండపల్లి మిత్ర బృందం. ఇండస్ట్రియల్ ఎస్టేటు వెనకాల మైదానంలో ఆదివారాల్లో పోటీలు జరుగుతాయి. మావాళ్ళంతా ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రవాళ్ళు, మర్యాదస్తులు. మర్యాద మరీ ఎక్కువై, బంతి దొరికితే ఎదుటివాళ్ళకే ఇచ్చేస్తారు. గోలు కొట్టడం రాదు గానీ గోల చేయడం వచ్చు. మా గోలీ, అదే గోల్‌కీపరు, పేరు గుర్రప్ప. గుర్రం పేరులోనే ఉంది, కాళ్ళలో లేదు. బంతి వచ్చి, వలలో పడి, కాస్త విశ్రాంతి తీసుకున్నాక అప్పుడు దూకుతాడు. వాడిని మేము తెరిచిన గేటు అంటాం. జూజువాడి టీము ఇందుకు సరిగ్గా తలకిందులు. రాష్ట్ర సరిహద్దులో ఉన్న జూజువాడి చెక్‌పోస్టును లారీలైనా దాటిపోతాయి గానీ, ఆ టీమును బంతి దాటదు.

ఇంత ఓడినా మా టీముకు అభిమానులు తగ్గలేదంటే కారణం అనంతకుమార్. మైదానం పక్కన రాజప్ప వెల్డింగ్ షెడ్డు ఉంది. రాజప్పే టీముకు మేనేజరు. ఆ షెడ్డు వెనకాల గ్యాసు పొయ్యి పెట్టి, మ్యాచ్ ఉన్న రోజు మావాడు వంట మొదలుపెడతాడు.

"గెలిచినోడికి సంతోషంతోనే కడుపు నిండిపోతాదప్పా. ఆకలంతా ఓడినోడికే" అన్నది వాడి సిద్ధాంతం.

ఎదుటి టీము ఎంత గట్టిదైతే వంట అంత ఘనం. నాసి టీమైతే ఉర్లగడ్డ బోండాలు. మోస్తరు టీమైతే కుష్కా, దానిమీద పోసుకునే శేర్వా. జూజువాడితో ఆటంటే కుష్కాతో పాటు నాటుకోడి పులుసు. ఆట ముగిశాక మా పిల్లలు ఆకులు పరుచుకుని తింటూ ఉంటే, గెలిచినవాళ్ళు బన్నూ టీ చేతబట్టుకుని మమ్మల్ని చూస్తూ గుటకలు మింగేవారు. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళను చూసి కుళ్ళుకునే మైదానం లోకంలో మాదొక్కటే అయివుంటుంది.

నా పేరు కేశవప్ప. అనంతకుమార్ వాళ్ళ వీధిలోనే హార్డ్‌వేర్ అంగడి నడుపుతాను. ఆటకు ముందు కళ్ళు మండేలా ఎర్రగడ్డలు కోయడం, ఆట తరువాత తినడం నా పనులు. కాబట్టి ఈ కథలో నాకూ కొంత పాపం ఉంది.

వంట అయ్యాక అనంతకుమార్ షెడ్డులోనే సబ్బుతో రుద్దుకుని స్నానం చేసి, వేరే చొక్కా తొడుక్కుని ఇంటికి వెళ్ళేవాడు. ఆ జాగ్రత్త వల్ల ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ రాలేదు. కానీ కళాకారుడికి ఒక బలహీనత ఉంటుంది. ఊరంతా మెచ్చినా ఇల్లు మెచ్చలేదని లోపల పీకుతూ ఉంటుంది. ఒక ఆదివారం కుష్కా మరీ బాగా కుదిరింది. వాడు ఉండబట్టలేక ఒక డబ్బా కట్టుకుని ఇంటికి తీసుకువెళ్ళాడు. పేరు చెప్పకుండా మెప్పు మాత్రం వినాలని వాడి పన్నాగం.

కూతురు మోనిషా ఒక ముద్ద తిని, "అమ్మా, నువ్వు చేసేదానికంటే ఇది బాగుంది" అంది.

ప్రతిభ కుడుతున్న జాకెట్టు పక్కన పెట్టి వచ్చింది. ఒక ముద్ద తింది. నమిలింది. ఇంకో ముద్ద తింది. అనంతకుమార్ ఛాతీ చొక్కా గుండీల మీద ఒత్తిడి తెచ్చింది.

"ఎవరు చేసినారు?"

మెప్పు వరకే ఆలోచించుకున్నాడు గానీ, ఈ ప్రశ్న వస్తుందని వాడు అనుకోలేదు.

"లక్ష్మక్క" అన్నాడు నోటికి వచ్చిన పేరు.

"ఏ లక్ష్మక్క?"

"టీముకు వంట చేస్తాది."

"ఎంత వయసుంటాది?"

"పెద్దామె."

"ఎంత పెద్ద?"

"నీకంటే కొంచెం పెద్ద."

"అంటే నేను పెద్దదాన్ని, ఆమె ఇంకా కొంచెం పెద్దదా?"

"అట్ల కాదు. నీకంటే చిన్నదే అనుకో."

"చిన్నదా."

"మధ్యరకంగా ఉంటాది."

"మొగుడుండాడా?"

ఉన్నాడంటే ఏం పేరు, యాడ పని అని అడుగుతుంది. అప్పటికే ఒక మనిషిని పుట్టించి వాడు అలసిపోయి ఉన్నాడు. ఇంకొకణ్ణి పుట్టించే ఓపిక లేక, "లేడు" అన్నాడు.

ప్రతిభ డబ్బా మూత పెట్టి చేత్తో గట్టిగా ఒక్కటి చరిచింది.

"ఉప్పు ఎక్కువైంది" అంది.

అక్కడితో ఊరుకుంటే పోయేది. కానీ వాడిలోని వంటవాడు ఊరుకోలేదు.

"ఉప్పు సరిగ్గానే ఉంది" అన్నాడు.

"లవంగం కూడా ఎక్కువ."

"అది లవంగం కాదు, మరాఠీ మొగ్గ."

"నీకు జీలకర్రకూ సోంపుకూ తేడా తెలీదే. మరాఠీ మొగ్గ ఎట్ల తెలిసింది?"

"ఆయమ్మ చెప్పింది."

"ఓహో. పక్కన కూర్చోబెట్టుకుని చెప్తా ఉండాదా."

ఆ రాత్రి వాడికి అన్నంలో చారు మాత్రమే వడ్డించింది. చారులో ఉప్పు లేదు.

మరుసటి ఆదివారం నుంచి వాడి కష్టాలు మొదలయ్యాయి. ప్రతిభ పొద్దున్నే లేచి పోటీ వంట మొదలుపెట్టింది. ఒక వారం ఖీమా, పూరీ. ఒక వారం తలకాయ పులుసు, సంగటి. మ్యాచ్‌కు పోయే ముందు ఎదురుగా కూర్చుని తినిపించేది.

"బాగుందా?"

"చానా బాగుంది."

"లక్ష్మక్క చేసేదానికంటే?"

"నీకూ ఆయమ్మకూ పోటీ ఏంది."

"అంటే పోటీకే రానా నేను?"

"అట్ల కాదు. నీదే బాగుంది."

"నాదే బాగుంటే ఆడ పోయి మళ్ళా ఎందుకు తింటావు?"

ఈ ప్రశ్నకు మేమందరం కలిసి ఆలోచించినా జవాబు దొరకలేదు. పాపం వాడు ఇంట్లో కంఠం దాకా తిని వచ్చి, షెడ్డులో వండి, మాతో మళ్ళీ తినేవాడు. వండినవాడు తినకపోతే పిల్లలు అనుమానపడతారు కదా. వాడి ప్యాంట్లు ప్రతిభే నడుము దగ్గర విప్పి కుట్టి ఇచ్చేది. విప్పిన ప్రతిసారీ, "లక్ష్మక్క పుణ్యం" అనేది.

తరువాత దర్యాప్తు మొదలైంది. ఒక పొద్దున ప్రతిభ నా అంగడికి వచ్చింది. మేకులు కావాలంది. మేకులు కట్టి ఇస్తూ ఉంటే నెమ్మదిగా అడిగింది.

"కేశవన్నా, లక్ష్మక్క చూసేదానికి ఎట్లుంటాది?"

నేను స్నేహధర్మం కోసం ఆలోచించి, అనుమానానికి తావివ్వకుండా, "లావుగా, పొట్టిగా ఉంటాదమ్మా" అన్నాను.

ఆమె తలూపి అటునుంచి రాజప్ప షెడ్డుకు పోయింది. రాజప్ప కూడా స్నేహధర్మం తెలిసినవాడే. "పొడుగ్గా, బక్కగా, వెదురుబొంగు మాదిరి ఉంటాది" అన్నాడు.

దారిలో గుర్రప్ప కనబడ్డాడు. వాడినీ అడిగింది. గుర్రప్ప ఎదురుగా వచ్చిన ఏ బంతినీ పట్టుకున్నవాడు కాదు. "లక్ష్మక్కా? ఎవరు... ఆ, ఆయమ్మనా? పోయిన నెల చచ్చిపాయె కదక్కా" అన్నాడు.

ఆ సాయంత్రం అనంతకుమార్ పరుగెత్తుకుంటూ నా అంగడికి వచ్చాడు.

"లావుగా పొట్టిగా ఉండే ఆడమనిషి, పొడుగ్గా బక్కగా అయి, పోయిన నెల సచ్చిపోయి, ఈ ఆదివారం బోండాలు ఎట్ల చేసిందని అడుగుతా ఉంది కేశవప్పా. ఏం చెప్పేది?"

"నువ్వేం చెప్పినావు?"

"ముగ్గురు లక్ష్మక్కలు ఉండారని చెప్పినాను."

ముగ్గురని విన్నాక ప్రతిభ వారం రోజులు మాట్లాడలేదట. కుట్టుమిషను చప్పుడు మాత్రం వీధి చివరికి వినిపించేది.

ఆ తరువాత ఒక విచిత్రం జరిగింది. ఉన్నట్టుండి ప్రతిభ చల్లబడిపోయింది. ఆదివారం పోటీ వంట మానేసింది. పైగా లక్ష్మక్కను మెచ్చుకోవడం మొదలుపెట్టింది. "ఆమె చేతి కుష్కా కొంచెం తెచ్చియ్యి" అని తనే డబ్బా ఇచ్చి పంపేది. తిని, కళ్ళు మూసుకుని, "ఎవరో గానీ మహాతల్లి. మనిషంటే అట్లుండాల" అనేది. కొలతలకు వచ్చిన ఆడవాళ్ళకు తలా ఒక ముద్ద పెట్టేది. వీధి వీధంతా లక్ష్మక్క పేరే. ఎదురింటి వాళ్ళు బిడ్డ పుట్టినరోజుకు లక్ష్మక్క చేత వండించాలని మావాడినే వచ్చి అడిగారు.

అనంతకుమార్ హాయిగా ఊపిరి పీల్చుకోవలసింది. కానీ వాడి మొహం రోజురోజుకూ మాడిపోసాగింది. ఒక రోజు నాతో పాటు ఎర్రగడ్డలు కోస్తూ కత్తి పక్కన పడేశాడు.

"కష్టపడేది నేను. పేరు ఆయమ్మకు" అన్నాడు.

"ఏ ఆయమ్మకప్పా?"

"అదే, లక్ష్మక్కకు."

"లక్ష్మక్క అంటే నువ్వే కదా."

"నేనేలే. అయినా గానీ, ప్రతిభ యా పొద్దన్నా నన్ను అట్ల మెచ్చుకునిందా? నిన్న రాత్రి ఏమనిందో తెలుసా? లక్ష్మక్క మాదిరి మనిషి ఇంట్లో ఉంటే జన్మ ధన్యమంట. నేను పక్కనే కూర్చుని ఉండాను, కేశవప్పా."

పెళ్ళాం కుళ్ళుకోవడం మాని నెల కాలేదు, ఆ కుళ్ళు మొగుడికి అంటుకుంది. అదీ, తనే పుట్టించిన మనిషి మీద. వాడు ఎర్రగడ్డ కోస్తున్నాడు కాబట్టి ఆ కన్నీళ్ళు దేనివో నేను రూఢిగా చెప్పలేను.

ఇంక ఉండబట్టలేక ఇంట్లో లక్ష్మక్క మీద చాడీలు చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆయమ్మకు శుభ్రం తక్కువ. చేతులు కూడా కడగదు" అన్నాడు ఒక రోజు.

"అట్లనా. ఆ చేత్తో చేసింది నా బిడ్డకు తెచ్చి పెట్టినావా?"

"ఈ మధ్య కడుగుతా ఉండాదిలే."

"సరే, ఈ ఆదివారం నేనే వస్తాను. చూస్తాను."

ఆ ఆదివారం జూజువాడితో ఆఖరి మ్యాచ్. శనివారం సాయంత్రం మేము షెడ్డులో కూర్చుని తలలు పట్టుకున్నాం. చివరికి రాజప్ప, తన మేనత్త నంజమ్మ ఊరినుంచి వచ్చి ఉందనీ, ఆమెను లక్ష్మక్కగా కూర్చోబెడదామనీ అన్నాడు. గరిటె పట్టుకుని కూర్చోవాలి, అడిగినదానికి ఊఁ అనాలి, అంతే. నంజమ్మత్త పెద్దమనసుతో ఒప్పుకుంది. ఆమె పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టని మనిషన్న సంగతి మాత్రం రాజప్ప మాకు చెప్పలేదు.

ఆదివారం ఆట మొదలయ్యేసరికి అనంతకుమార్ కుష్కా మసాలాలో నీళ్ళు పోసి, మరిగించి, కడిగిన బియ్యం వేసి, మూత పెట్టి దమ్ముకు వదిలి, పక్క పొయ్యి మీద నాటుకోడి పులుసు ఉడికించి, షెడ్డు పక్కనున్న డ్రమ్ముల వెనక దాక్కున్నాడు. పొయ్యి ముందు నంజమ్మత్త కూర్చుంది. ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో కొంగు ముక్కుకు అడ్డం.

ప్రతిభ వచ్చింది. మంచి చీర కట్టుకుంది, పెళ్ళికి వచ్చినట్టు. నంజమ్మత్త పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

"లక్ష్మక్కా, బాగుండావా?"

"ఊఁ."

"నీ గురించి చానా విన్నాను. మా ఆయనకు నీ మాటే మాట."

"ఊఁ."

"ఈ కోడి ఎట్ల కోసినావక్కా, చిన్న ముక్కలా పెద్ద ముక్కలా?"

నంజమ్మత్త మొహం అదోలా పెట్టి, "శివశివా, ఆ పాపం మనకెందుకు తల్లీ" అంది.

నేను గొంతు సవరించుకుని, ఆట చూడమన్నట్టు మైదానం వైపు చెయ్యి చూపించాను. ప్రతిభ అటు చూడనే లేదు. కుష్కా గిన్నె మూత తీసి లోపలికి తొంగి చూసింది. డ్రమ్ముల వెనక ఏదో కదిలిన చప్పుడైంది. దమ్ములో ఉన్న గిన్నె మూత తీయడమంటే, నిద్రపోయే పసిబిడ్డను గిల్లడమే కదా.

"నీళ్ళు చాల్లేదు కదక్కా" అంది ప్రతిభ.

"ఊఁ."

"ఒక చెంబు పొయ్యి."

నంజమ్మత్త చెంబు అందుకుంది. డ్రమ్ముల వెనకనుంచి మూలుగు వినబడింది.

"ఒకటి చాలదు. రెండు పొయ్యక్కా. గరిటె పెట్టి బాగా తిప్పు. గింజ గింజ కలిసిపోవాల."

నంజమ్మత్త చెంబు ఎత్తింది. అంతే, రెండు డ్రమ్ములు దొర్లిపోయాయి. అనంతకుమార్ లుంగీ ఎగ్గట్టుకుని ఒక్క గెంతులో వచ్చి, చెంబు లాక్కుని, గిన్నెకు చేతులు అడ్డం పెట్టాడు.

"నీళ్ళు సరిపోయినాయి. సీరగసాంబ బియ్యం, ఇంక చుక్క పడితే పొంగలి అయిపోతాది. గరిటె పెడితే గింజ విరిగిపోతాది. మూత తీసేదే తప్పు" అంటూ మూత పెట్టి, అంచు చుట్టూ తడిగుడ్డ చుట్టి, మంట తగ్గించి, మూతమీద నీళ్ళ గిన్నె బరువు పెట్టాడు. ఇదంతా రెప్పపాటులో జరిగిపోయింది. చేతులు దులుపుకుని తలెత్తేసరికి ఎదురుగా ప్రతిభ.

మైదానంలో పెద్దగా కేకలు వినిపించాయి. తరువాత తెలిసింది, సరిగ్గా అప్పుడే మా టీము గోలు కొట్టింది. ఆ ఏడాదికంతా అదొక్కటే గోలు. ఎవరు కొట్టారో, ఎట్లా కొట్టారో చూసిన అభిమాని ఒక్కడూ లేడు. డ్రమ్ములు దొర్లిన చప్పుడుకు అందరమూ గిన్నె చుట్టూ చేరి ఉన్నాం. గోలీ గుర్రప్ప కూడా ఏం జరుగుతోందోనని గోలుపోస్టు వదిలి ఇటు వచ్చి నిలబడ్డాడు. ఆ సందులో జూజువాడివాళ్ళు వరసగా రెండు కొట్టారు.

ప్రతిభ నెమ్మదిగా లేచి నిలబడింది.

"నువ్వేనని నాకు తెలుసు" అంది.

"ఎట్ల తెలిసింది? ఎవరు చెప్పినారు?"

"మీ అమ్మే చెప్పింది. ఆ లక్ష్మక్కను ఎట్లన్నా గెలవాలని, కుష్కా ఎట్ల చేసేదని అత్తకు ఫోన్ చేసి అడిగితిని. నన్నెందుకడుగుతావమ్మా, వండేవాడు నీ ఇంట్లోనే ఉండాడు కదా అనింది. నాకు తల తిరిగిపాయె."

"మరి అప్పుడే అడగకూడదా?"

"నీ నోటితో నువ్వే చెప్తావేమోనని చూస్తిని. లక్ష్మక్కను పొగిడితే నీకు కడుపు మండి బయటపడతావేమోనని పొగిడితిని. కడుపు మండింది గానీ నోరు రాలేదు నీకు."

మేము నవ్వబోయాం గానీ, ఆమె మొహం చూసి ఆగిపోయాం.

"మోనిషా పుట్టినప్పుడు బాలింతగా పండుకుని ఉంటే హోటల్ ఇడ్లీ తెచ్చిస్తివి. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పక్కింటామె గంజి కాచి పోసింది. పాపం మా ఆయనకు చేత కాదు కదా అని ఆమెకు నేనే చెప్పుకుంటిని. ఆ లక్ష్మక్క నిజంగా ఉండినా నాకింత మంట పుట్టేది కాదు. ఓడిపోయినోళ్ళకని ఇంత ప్రేమగా వండి పెడతావే, నేనేమన్నా ఇంట్లో గెలిచి ఊరేగతా ఉండానా?"

నంజమ్మత్త ముక్కు మీది కొంగు తీసి కళ్ళు ఒత్తుకుంది. అనంతకుమార్ గరిటె వైపు చూశాడు, మా వైపు చూశాడు. మేము ఆకాశం వైపు చూశాం.

చివరికి, "తప్పయిపాయె ప్రతిభా" అన్నాడు.

"ముందు ఆకు వెయ్యి" అందామె.

అందరికంటే ముందు ఆమెకు ఆకు వేశాడు. దమ్ము విప్పి, కుష్కా పైపొర కదలకుండా పక్కనుంచి తీసి వడ్డించాడు. పులుసులో మంచి ముక్కలు ఏరి వేశాడు. నంజమ్మత్తకు విడిగా పెరుగన్నం కలిపాడు. ప్రతిభ తల ఎత్తకుండా తింది. రెండోసారి పెట్టించుకుంది. చేయి కడుక్కుని వచ్చి, "ఉప్పు సరిగ్గా ఉంది" అంది. వాడి మొహం అప్పుడు చూడాలి. మా టీము కప్పు గెలిచినా అంత వెలుగు వచ్చేది కాదు.

అంతటితో గండం గడిచిందని వాడు అనుకున్నాడు. మేమూ అనుకున్నాం.

తరువాత కొన్నాళ్ళకు, అనంతకుమార్ నా అంగడినుంచి తీసుకుపోయిన డ్రిల్లింగ్ మిషను తిరిగి తెచ్చుకుందామని పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. ప్రతిభ కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఫోను చూసుకుంటోంది. వంటింట్లోంచి తిరగమోత చప్పుడు, ఘుమఘుమ.

"ఏమ్మా, ఒంట్లో బాగలేదా?" అన్నాను.

"బాగుండాను కేశవన్నా. ఈ పొద్దు కూడా ఓడిపోయినాను, అంతే."

"ఎవరితోనమ్మా?"

"ఎవరితోనైతే ఏమి. ఓడినోళ్ళకు వండిపెట్టేది ఆయన వ్రతం. నేను అడ్డం పోతానా?"

అనంతకుమార్ భుజాన తుండు, చేతిలో అట్లకాడతో గడప దాకా వచ్చి నన్ను చూసి ఇబ్బందిగా నవ్వాడు.

"పాపం, రోజూ ఓడిపోతా ఉంది కేశవప్పా" అన్నాడు గొంతు తగ్గించి. "మధ్యాన్నం కూడా ఓడిపోతాదంట. వంకాయ కూర అడిగింది."

"ఆదివారం టీముకు ఏం చేస్తావు మరి?"

వాడు జవాబు చెప్పేలోగా లోపల దోసె మాడుతున్న వాసన వచ్చింది. వాడు లోపలికి పరుగెత్తాడు. ప్రతిభ ఫోనులోంచి తలెత్తకుండానే, "మాడింది నువ్వు తిను. నాకు ఇంకోటి పొయ్యి" అంది.